పదిహేడో స్లైడు జోలికి పోవద్దన్నారు

ఒకసారి జగ్గయ్యపేట నుంచి ఎవరో ఒకావిడ ఫోన్ చేసి, "మీరు బరువు తగ్గిస్తారంట కదండీ. మా ఆడపడుచు చెప్పింది. మందులిస్తారా, తిండి మానిపిస్తారా?" అని అడిగింది. నేను తగ్గించేది మనుషుల బరువు కాదనీ, కంప్యూటరు ఫైళ్ల బరువనీ చెప్పాను. దానికి ఆవిడ, "ఫైళ్లకి తిండెవరు పెడతారండీ, అంత లావవడానికి?" అంది. వేళాకోళానికి అందో, నిజంగానే అడిగిందో తెలియదు గానీ, అంత మంచి ప్రశ్న నా ముప్ఫై మూడేళ్ల ఉద్యోగంలో ఏ అధికారీ అడగలేదు.

నా పేరు సలోమి. టైపిస్టుగా జగ్గయ్యపేటలో చేరి, సీనియర్ అసిస్టెంటుగా నందిగామలో రిటైరయ్యాను. పంటలకి సంబంధించిన ఆఫీసు అని మాత్రం చెప్తాను. పేరు రాయను, నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. చివరి పన్నెండేళ్లూ నేను నిజంగా చేసిన పని ఏ ఆర్డరు కాగితంలోనూ ఉండదు. ఊళ్లలో తిరిగేవాళ్లు తయారుచేసిన పీపీటీలు, అంటే మీటింగుల్లో తెరమీద వేసి చూపించే స్లైడ్లు, మెయిల్లో పట్టనంత లావుగా వచ్చేవి. వాటిని బక్కచిక్కించి పంపడమే నా పని. "ఫైలు వెళ్లట్లేదు మేడమ్" అన్న మాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లు విన్నానో దేవుడికే తెలియాలి. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనరు. నా కాఫీ చల్లారదు. ఆ ఒక్క సుఖానికే రిటైర్మెంటు దండగ కాదనిపిస్తుంది.

ఆ కుర్చీలో కొత్తగా కూర్చునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ బటన్ ఎక్కడుందో మీకు నాకంటే బాగా తెలుసు. అది నొక్కాక ఏం పోతుందో నేను చెప్పాలి. ఎందుకంటే సైజు తగ్గించే హడావిడిలో ఒకసారి నేను ఒక మనిషినే కోసి పారేశాను. మస్తాన్‌బీ అనే రైతు. ఆమె తిరిగి దొరక్కపోయి ఉంటే ఈ రాత రాసేదాన్ని కాదు, మొహం చాటేసుకుని ఇంట్లో కూర్చునేదాన్ని.

అయిదో కాపీ

నాకు మొదటి పాఠం చెప్పింది కోటేశ్వరరావు గారు, జగ్గయ్యపేట ఆఫీసులో హెడ్ క్లర్కు. అప్పట్లో టైపు మిషను. ఒక సర్క్యులర్ అయిదు కాపీలు కావాలంటే మధ్యలో నాలుగు కార్బన్ కాగితాలు పెట్టి కొట్టాలి. పై కాపీ ముత్యాల్లా ఉండేది, అడుగు కాపీ బూడిద పూసినట్టు ఉండేది. పైది ఆఫీసరుకి, అడుగుది ఎక్కడో చివరి ఊళ్లో పనిచేసేవాడికి. నేను కట్ట తీసుకెళ్లి ఇస్తే ఆయన ఎప్పుడూ పై కాపీ చూసేవారు కాదు. అడుగుది లాగి, కిటికీ దగ్గర పట్టుకుని చదివేవారు.

"అయిదోది చదవగలిగితేనేనమ్మా మనం కొట్టినట్టు. మొదటిది ఎవడైనా చదువుతాడు," అనేవారు.

అడుగు కాపీలో అక్షరం పడాలంటే గట్టిగా కొట్టాలి. గట్టిగా కొట్టాలంటే మాటలు తక్కువుండాలి, లేకపోతే వేళ్లు పడిపోతాయి. అందుకే ఆయన ఉత్తరాలన్నీ పొట్టిగా ఉండేవి. ఆయన మంచి మనిషేమీ కాదు. సెలవడిగితే వినపడనట్టు ఫైలు తిరగేసేవారు. మా అమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు కూడా అంతే చేశారు, నేను మర్చిపోలేదు. పని మాత్రం నేర్పారు.

తర్వాత కంప్యూటర్లొచ్చి కార్బన్లు పోయాయి గానీ అయిదో కాపీ ఎక్కడికీ పోలేదు. వీరులపాడు అవతల ఒక ఊళ్లో సిగ్నలు కోసం డాబా ఎక్కి ఫోనులో ఫైలు దించుకునే అసిస్టెంటే ఇప్పుడు అయిదో కాపీ. ఆఫీసరు గదిలో పెద్ద తెర మీద బాగానే కనపడుతుంది. ఆ డాబా మీద తెరుచుకుంటేనే మీరు పంపినట్టు.

బోరెంలో పత్తి, బస్తాలో బియ్యం

మొదట్లో ఫైలు వెళ్లకపోతే పెన్‌డ్రైవులో వేసుకుని నేనే బస్సెక్కేదాన్ని. విజయవాడలో పదిన్నరకి మీటింగంటే నందిగామలో ఎనిమిదింటికే బస్టాండులో ఉండాలి. కీసర దాటి, కంచికచర్ల దాటి, పరిటాలలో ఆకాశమంత హనుమంతుడి విగ్రహం కనపడగానే దాదాపు సగం దూరం వచ్చేశాననుకునేదాన్ని. మేం చర్చికెళ్లేవాళ్లమే అయినా ఆయన్ని చూసినప్పుడల్లా నాకు మా ఆఫీసే గుర్తొచ్చేది. ఏ మొక్క కావాలో గుర్తుపట్టలేక కొండంతా పెకలించుకొచ్చాడు కదా. ఆయనకి అంత బలముంది కాబట్టి చెల్లింది. మా వాళ్లు కూడా ఏ ఫొటో కావాలో తేల్చుకోలేక ఫోనులో ఉన్నవన్నీ స్లైడ్లలో పోసేవాళ్లు. మోసేదాన్ని మాత్రం నేను.

కొత్తవాళ్లందరూ ముందు చేసేది జిప్ చేయడం, అంటే ఫైలుని నొక్కి మూటకట్టడం. నూట ఇరవై ఎంబీల ఫైలు జిప్ చేస్తే నూట పద్దెనిమిది అవుతుంది, మనసుకి కష్టం అదనం. పత్తిని బోరెంలో, అంటే పెద్ద గోనెసంచిలో నింపి, ఒక మనిషి లోపలికి దిగి తొక్కితే ఇంకొంచెం పడుతుంది. బియ్యం బస్తాని ఎంత తొక్కినా కాళ్లు నొప్పే. మనం టైపు చేసిన మాటలు పత్తి. ఫోనులో తీసిన ఫొటోలు బియ్యం, అవి నొక్కుడంతా ఫోనులోనే పూర్తిచేసుకుని వస్తాయి. అక్కడ చేయాల్సింది గింజలు తగ్గించడమే. ఫొటోని స్లైడు మీద మూల పట్టుకుని లాగి స్టాంపుబిళ్లంత చేసినా ఫైలు కడుపులో అది నిండు సైజులోనే ఉంటుంది. కంటికి చిన్నదైంది కదా అని మోసపోకండి.

మా పాస్టరు గారు ఆదివారం పాటలు తెరమీద వేసేవారు. ఒక్కో చరణం వెనక ఒక్కో జలపాతం. ఫైలు తెరుచుకునేలోపు గాయకులు రెండో చరణంలో ఉండేవాళ్లు. నేను జలపాతాలన్నీ తీసేసి ఒకే నీలం రంగు పెట్టిచ్చాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. కానీ ముందు వరసలో కూర్చునే పెద్దావిడ ఒకరు, "ఇయ్యాల అక్షరాలు కనపడ్డాయి పాస్టరు గారూ," అన్నాక ఊరుకున్నారు.

పువ్వు కనపడింది, పురుగు కనపడలేదు

ఇక నా తప్పులు. మొదటిది మిరప తోటలో జరిగింది.

ఒక ఏడు మిరప పూతలో తామర పురుగు పడింది. కంటికి సరిగ్గా ఆననంత చిన్నది. ఊళ్లలోవాళ్లు దగ్గరగా ఫొటోలు తీసి, స్లైడ్లలో పెట్టి, ఇది పాత పురుగా కొత్త రకమా అని శాస్త్రవేత్తని అడగడానికి మాకు పంపారు. ఫైలు లావుగా ఉంది. నేను అలవాటు ప్రకారం అన్ని ఫొటోలనీ ఒకే దెబ్బకి చిన్నవి చేసి, మూడు ఎంబీలకి తెచ్చి, గర్వంగా పంపాను. మర్నాడు శాస్త్రవేత్త గారు ఫోన్ చేసి, "అమ్మా, పువ్వు కనపడుతోంది, పురుగు కనపడట్లేదు. ఈ చుక్క పురుగో, మీ కంప్యూటరు మచ్చో చెప్పలేను," అన్నారు.

అసలువి తెప్పించి మళ్లీ పంపేసరికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో అది పక్క చేలకి పాకింది. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, ఎవరికీ తెలియదు కూడా. నాకు తెలుసు. ఫొటో చిన్నది చేసే ముందు అందులో చూడాల్సింది ఏమిటని అడగాలన్నది అప్పుడు నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను.

అక్షరాలు పగిలిపోతాయి మేడమ్

దివ్య వీరులపాడు మండలంలో ఒక ఊరికి అసిస్టెంటు. ఇద్దరు పిల్లల తల్లి, స్కూటీ మీద ఎండనకా వాననకా తిరిగేది. ఆమె నాకు మొదటిసారి పంపిన పీపీటీలో పద్దెనిమిది స్లైడ్లు, నూట నలభై ఎంబీలు. చూస్తే ఒక్క ఫొటో లేదు, అంతా తెలుగు రాతే. రాతకింత బరువేమిటా అని ఒక మాట మీద నొక్కాను. కర్సరు లోపలికి పోలేదు, పేరా మొత్తం పటంలా కదిలింది. ఆమెకి ఫోన్ చేశాను.

"ఇదంతా ఫొటోలా దివ్యా?"

"అవును మేడమ్. ఫోన్లో తెలుగులో టైప్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టా."

"ఎందుకమ్మా అంత కష్టం?"

"మామూలుగా టైప్ చేస్తే అక్షరాలు పగిలిపోతాయి కదండి. మా సీనియర్లందరూ అట్నే చేస్తారు."

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. ఆ భయం పుట్టించింది మేమే. ఒకప్పుడు మేం తెలుగు టైపు చేసింది పాత డీటీపీ ఫాంట్లలో. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు తెలుగులా ఉండదు. ఒక పెద్ద మీటింగులో మా స్లైడు మీద "వరి నాట్లు" అని ఉండాల్సిన చోట డాలరు గుర్తులూ, బ్రాకెట్లూ వచ్చాయి. వేదిక మీదున్న ఆఫీసరు, "ఇది ఏ దేశపు వరండీ?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ రోజు నవ్వులపాలైనవాళ్లు ఇక తెలుగుని నమ్మలేదు. అక్షరాన్ని ఫొటో తీసి అంటిస్తే పగలదని కనిపెట్టి, తర్వాత వచ్చినవాళ్లకి అదే నేర్పారు. పాత ఫాంట్లు పోయి, ఎక్కడైనా ఒకేలా తెరుచుకునే యూనికోడ్ వచ్చినా భయం మాత్రం పోలేదు.

దివ్యని ఆఫీసుకి పిలిచి, ఆమె చేతే నాలుగు వాక్యాలు మామూలుగా టైపు చేయించి, మూడు కంప్యూటర్లలో తెరిచి చూపించాను. ఎక్కడా పగల్లేదు. "ఇన్నాళ్లూ నేను తెలుగుని ఫొటోలు తీస్తా కూర్చున్నానా మేడమ్," అంది. ఆ పద్దెనిమిది స్లైడ్లూ తిరిగి టైపు చేశాక ఒక ఎంబీ కూడా లేదు. ఎవరైనా వెర్రి పని చేస్తుంటే తిట్టే ముందు ఎందుకని అడగండి. దాని వెనక ఎప్పుడో ఒకరు పడ్డ అవమానం ఉంటుంది.

పదిహేడో స్లైడు

ఆ ఏడు మున్నేరు పొంగింది. వీరులపాడు వైపు పత్తి చేలు రెండు రోజులు నీళ్లలో ఉన్నాయి. అప్పటి మా ఆఫీసరు సుదర్శనం గారు. ఆయన్ని మేం సారు అనేవాళ్లం. మనిషి కష్టపడతారు, పొద్దున్నే బురదలోకి దిగుతారు. కానీ ఆయనకి ఫొటోలో తన మొహం చక్కగా పడాలి. పెద్ద లోపమేం కాదు, మేం వెనక నవ్వుకునేవాళ్లం అంతే.

దివ్య పొలం పొలం తిరిగి ఫొటోలు తీసింది. నీళ్లలో ఉన్న చేను, పక్కన సాగు చేసే మనిషి, ఫొటో అడుగున తేదీ, చోటు చూపించే పట్టీ, మూడూ పడేట్టు. ఆ ఫొటోలన్నీ వైరు పెట్టి నా కంప్యూటరులోకి ఎక్కించింది. మర్నాడు విజయవాడలో మీటింగు. నేను ముప్ఫై నాలుగు స్లైడ్లు చేశాను, రెండు వందల పన్నెండు ఎంబీలు వచ్చింది.

ఇక్కడ మా ఆఫీసు మాట ఒకటి చెప్పాలి. ఫొటో అంచులు కత్తిరించే బటన్‌ని మేం "కోత" అనేవాళ్లం, పంటలాఫీసు కదా. కోత కోసినంత మాత్రాన ఆ ముక్క పోదు. కంటికి కనపడకుండా ఫైల్లోనే పడి ఉంటుంది, కోసిన పైరు చేలోనే ఉన్నట్టు. దాన్ని శాశ్వతంగా తీసేయడానికి ఇంకో మీట ఉంది. దాన్ని "ఎత్తివేత" అనేవాళ్లం. ఎత్తివేశాక ఇక రాదు. సైజు నిజంగా తగ్గేది అప్పుడే. చాలామందికి ఈ రెండో మీట సంగతి తెలియదు. నాకు తెలుసు. అదే నా గొప్ప.

ఆ రోజు ఒక్కో ఫొటోనీ స్లైడులో పట్టేట్టు కోశాను, పక్కన రాతకి చోటు కావాలి కదా. అడుగున ఉన్న పట్టీలు చూడ్డానికి బాగాలేవని వాటినీ కోశాను. ఎత్తివేత మొదలుపెడుతుండగా సారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

"మేడమ్, పోయినసారి మీరు తగ్గించినప్పుడు నా మొహం ముద్దయిపోయిందండి. మావాళ్లు ఇంట్లో నవ్వారు. ఈసారి నేనున్న స్లైడు జోలికి పోవద్దు."

అది పదిహేడో స్లైడు. మోకాలి లోతు నీళ్లలో సారు ఒక్కరే, చేను వైపు చూస్తూ. నాకు లోపల విసుగేసింది గానీ, "అట్నే సార్," అన్నాను. దాన్ని వదిలేసి మిగతా ఫొటోలన్నిటికీ ఒక్కొక్కదానికీ ఎత్తివేత చేశాను. రెండు వందల పన్నెండు కాస్తా పంతొమ్మిదికి దిగింది. పదిహేడోది వదలకపోతే పదికే దిగేదని గొణుక్కుంటూ మెయిల్లో పంపాను. మీటింగు బాగా జరిగిందన్నారు. నా కంప్యూటరు నిండిపోయి మొరాయిస్తోందని, పని అయిపోయింది కదా అని, ఆ వారమే దివ్య ఎక్కించిన అసలు ఫొటోలన్నీ తుడిచేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఇల్లు సర్దినంత హాయిగా అనిపించింది.

సాయంత్రం అయిదు లోపు

మూడు వారాలకి మస్తాన్‌బీ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. భర్త లారీ డ్రైవరు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. రెండెకరాలు కౌలుకి తీసుకుని ఆమే పత్తి వేసింది. అది కుళ్లిపోయింది. మునిగిన చేలల్లో మళ్లీ వేసుకోవడానికి మినుము విత్తనాలు ఇస్తున్నారు, జాబితాలో పేరున్నవాళ్లకి. అందులో ఆమె పేరు లేదు. పొలం వేరేవాళ్లది, సాగు చేసింది నువ్వేనని రుజువేంటన్నారట.

"ఆ రోజు ఫొటో తీసారు కదండి మీవాళ్లు. అది ఇప్పించండమ్మా, చాలు," అంది. "చేలో పదునుంది ఇప్పుడు. ఇంకో వారమైతే ఆరిపోద్ది. తర్వాత విత్తనాలిచ్చినా వండుకోవడానికే."

అభ్యంతరాలు ఆన్‌లైన్లో పెట్టడానికి ఆ సాయంత్రం అయిదు ఆఖరు. అప్పుడు రెండయింది. నేను ధీమాగా దివ్యకి ఫోన్ చేశాను.

"ఆవిడ ఫొటో నేనే తీసా మేడమ్," అంది దివ్య. "తేదీ, చోటు పడేట్టే తీసా. కానీ నా పాత ఫోను మొన్న కాలవలో పడింది కదా, ఇంక లేవలేదు. మీ కంప్యూటర్లో ఉంటాయిగా అన్నీ."

ఉంటాయి అనలేను, తుడిచేశాను అని ఎదురుగా కూర్చున్న మనిషి ముందు అనలేను. "చూస్తాను," అని పెట్టేశాను. చెత్తబుట్ట తెరిచాను, ఖాళీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో తెలిసింది. పీపీటీ తెరిచి ఒక్కో ఫొటో మీద నొక్కి కోత విప్పి చూశాను. కోసిన అంచు దగ్గరే ఫొటో ఆగిపోయింది. దాని అవతల ఏమీ లేదు. సారు ఒక్కరే ఉన్నదెందుకులే అని పదిహేడోది దాటేశాను, మిగతావి ఏ స్లైడు చూసినా అంతే. మనుషులు లేని చేలు, తేదీ లేని నీళ్లు. అంత శుభ్రంగా పనిచేశాను నేను.

మస్తాన్‌బీ నా వెనక కుర్చీలో కూర్చుని ఓపిగ్గా చూస్తోంది. మూడున్నర అయ్యేసరికి దాచలేకపోయాను.

"నేనే తీసేశానమ్మా," అన్నాను. "ఫైలు పెద్దదైపోయిందని."

ఆమె తిట్టలేదు. "నేనంత పెద్దగా పడ్డానా అండి అందులో?" అంది. తిట్టినా బాగుండేది.

అప్పుడే సారు టీ తాగి లోపలికొచ్చారు. ఆమెని చూసి ఆగారు. "మీ చేలోనే కదండి నా చెప్పు ఇరుక్కుపోయింది? మీరే లాగి ఇచ్చారు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ రోజు మన ఫొటో తీసిందిగా దివ్య. పదిహేడోది అదే," అన్నారు.

అందులో మీరొక్కరే ఉన్నారు సార్ అనబోయి ఆగిపోయాను. ఆయన్ని ఒక్కర్ని చేసింది ఎవరు? నేనే. కోశాను. కానీ ఎత్తివేయలేదు, ఆయన జోలికి పోవద్దన్నారు కాబట్టి.

పదిహేడో స్లైడు మీద నొక్కి కోత విప్పాను. సారుకి ఎడమపక్కన, మసగ్గా, ఒక మనిషి తేలింది. చీర మోకాళ్ల పైకి ఎగదోపుకుని, చేతిలో కుళ్లిన పత్తి మొక్క పట్టుకుని మస్తాన్‌బీ. ఆమె కాళ్ల కింద నీళ్లు, ఆ కింద తేదీ, చోటు. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. అంచులు పట్టుకుని పూర్తిగా లాగాను. మసక పోయి ఆమె తేటగా నిలబడింది. నాకు కన్నీళ్లు ఆగలేదు. సారు చూస్తున్నారని కూడా అనుకోలేదు, కొంగుతో తుడుచుకున్నాను. అంతకుముందూ తర్వాతా ఆఫీసులో నేను ఏడ్చింది లేదు.

"అదిగో నేను," అంది మస్తాన్‌బీ, బస్సులో తెలిసినమ్మాయి కనపడినంత మామూలుగా.

ఎవర్ని కోయాలి

అంతటితో అయిపోలేదు. ఆ ఫొటో తొమ్మిది ఎంబీలు. అభ్యంతరం పెట్టే చోట అర ఎంబీ దాటితే తీసుకోదు. నా జీవితమంతా చేసిన పనే ఎదురుగా వచ్చి నిలబడింది, టైము నాలుగుంబావు. మొత్తం ఫొటోని అర ఎంబీకి దించి చూశాను. మనుషులు బాగానే ఉన్నారు గానీ అడుగు పట్టీలో అంకెలు అలుక్కుపోయాయి. మూడో ఎనిమిదో చెప్పలేం. మిరప పువ్వులో పురుగు గుర్తొచ్చి చెయ్యి ఆగింది. అంకె పోతే రుజువు పోయినట్టే.

"ఇంకా తగ్గించాలంటే ఫొటోలో కొంత తీసెయ్యాలి," అని పైకే అన్నాను. తేదీ తీయలేను. చేను తీయలేను. సగం ఫొటో నిండా సారే ఉన్నారు, కొత్త చొక్కాలో, తేటగా. ఆ మాట నా నోటితో అనలేక ఊరుకున్నాను.

మస్తాన్‌బీ తెర వైపు కాస్త వంగి చూసింది. "సార్ని కోసెయ్యండమ్మా," అంది. "పొలం ఆయనది కాదుగా."

నేను సారు మొహం వైపు చూడలేదు. ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నారు.

"కోయండి మేడమ్," అన్నారు. తెర మీద తనని ఒకసారి చూసుకుని, "ఎత్తివేత కూడా చెయ్యండి," అన్నారు.

సారుని కోశాను. మిగిలిన ముక్కలో మస్తాన్‌బీ, ఆమె చేను, ఆమె తేదీ. అర ఎంబీకి దించినా అంకెలు చక్కగా చదవొచ్చు. నాలుగూ నలభైకి ఎక్కించాను. అందినట్టు నంబరు వచ్చింది. దాన్ని కాగితం మీద రాసి ఇస్తే ఆమె నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

నాలుగో రోజున రెండో జాబితాలో ఆమె పేరొచ్చింది. పదును ఆరకముందే మినుము చేలో పడింది. ఆ కబురు దివ్య ఫోనులో చెప్పినప్పుడు నేను కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు ఏ పనీ చేయకుండా కూర్చున్నాను. అంత తేలిక మళ్లీ రిటైరైన రోజే తెలిసింది.

సారు ఆ తర్వాత మారిపోయారని రాయను. ఆయనకి ఇప్పటికీ ఫొటోల పిచ్చే. కాకపోతే నేను స్లైడ్లు చేస్తుంటే వెనక నిలబడి, "ఈసారి ఎవర్ని కోస్తున్నారండి?" అని అడిగేవారు. నవ్వుకే అడిగేవారు గానీ నా చెయ్యి ఆగేది. ఆయన పిచ్చిని నేను ఎన్నిసార్లు వెక్కిరించానో, అదే నా శుభ్రత నుంచి మస్తాన్‌బీని కాపాడింది. దీని నుంచి ఏ నీతి తీయాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

మీకు చెప్పేది ఇంతే. అసలువి వేరేచోట దాచకుండా తుడవకండి, ఇది ఎవరైనా చెప్తారు. ఫైలు చిన్నది చేయండి, తప్పదు, అయిదో కాపీ అందుకోవాలి. కానీ కోసే ముందు ఫొటోలో పొలం ఎవరిదో కనుక్కోండి. పెద్దగా పడ్డవాళ్లందరూ ముఖ్యులు కాదు.

నేను రిటైరైన తర్వాత ఒక మధ్యాహ్నం మస్తాన్‌బీ ఫోన్ చేసింది. మినుము తర్వాత మళ్లీ పత్తి వేసిందట, బాగుందట. "ఆ ఫొటో ఉంటే నాకు పంపండమ్మా," అంది.

"మీరొక్కరే ఉన్నదా?"

"కాదండి, సార్ ఉన్నది కూడా. ఇప్పుడైతే ఉండనీయండి, పర్లేదు."

పదిహేడో స్లైడు నేను ఇంటికి తెచ్చుకున్నాను, అది దాచకుండా ఎలా ఉంటాను. తొమ్మిది ఎంబీలు. చెయ్యి అలవాటుగా బటన్ వైపు పోయింది, వెనక్కి తీసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు పంపాను. వాళ్ల ఊళ్లో సిగ్నలు సంగతి నాకు తెలుసు కదా, పది నిమిషాలాగి వచ్చిందా అని అడిగాను. ఇంకో పది నిమిషాలకి మళ్లీ అడిగాను.

"పైనుంచి కొంచెం కొంచెంగా దిగతా ఉందండి," అంది మస్తాన్‌బీ. "సార్ మొహం వచ్చేసింది, నేనింకా సగమే వచ్చా. కంగారేం లేదు."